టైల్ పగలకుండా గోడకు బెజ్జం వేయడం: బిట్టు ఎంపిక నుంచి స్క్రూ బిగింపు దాకా

బాత్‌రూమ్‌లో అద్దం, టవల్ రాడ్డు, గీజర్. వంటింట్లో వాటర్ ఫిల్టర్, గరిటెల స్టాండు. కొత్త ఇంట్లోకి దిగిన నెల తిరక్కుండానే ఇవన్నీ గోడకెక్కాలి. ఆ గోడలకేమో కింది నుంచి పైదాకా టైల్స్. ఒక్కదానికి బీట పడితే అదే డిజైన్ మళ్లీ దొరకదు, దొరికినా రంగు కలవదు. అద్దం తగిలించబోయి గోడ పాడుచేసుకుంటే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. డ్రిల్ మిషన్ పట్టుకోగానే చాలామందికి టెన్షన్ అందుకే.

నిజానికి ఇది ఇంట్లో ఉండే మామూలు మిషన్‌తోనే అయ్యే పని. ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే చాలు: టైల్‌కు వేసే బెజ్జం వేరు, దాని వెనక గోడకు వేసే బెజ్జం వేరు. రెంటికీ బిట్టు వేరు, మిషన్ మోడ్ వేరు, వీలైతే సైజు కూడా వేరు. ఒకే బిట్టుతో, ఒకే ఊపులో రెండూ కానిచ్చేద్దాం అనుకున్నచోటే టైల్ పోతుంది.

టైల్ ఎందుకు పగులుతుంది

వెనక గట్టి ఆనిక ఉన్న టైల్ మీద మెల్లగా ఎంత బరువు మోపినా ఓర్చుకుంటుంది. దెబ్బకు మాత్రం ఓర్చుకోదు. మిషన్ మీద సుత్తి బొమ్మ ఉండే హామర్ మోడ్ చేసే పనే దెబ్బలు కొట్టడం, అదీ నిమిషానికి వేలల్లో. కాంక్రీటుకు అది వరం, టైల్‌కు శాపం. మొదటి కారణం ఇదే.

రెండోది డొల్ల. మన దగ్గర గోడ టైల్స్ అంటించే పద్ధతి చూసే ఉంటారు. తాపీమేస్త్రి టైల్ వెనక సిమెంటు ముద్ద పట్టించి, గోడకు అదిమి, మట్టం చూసుకుంటూ తాపీ పిడితో తడతాడు. ముద్ద మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా పడుతుంది. మూలలకు చేరనే చేరదు చాలాసార్లు. అలా గాలి మిగిలిపోయిన చోట బిట్టు పెట్టి నొక్కితే టైల్‌కు వెనక ఆసరా ఉండదు, అక్కడికక్కడే బీట కొడుతుంది. పళ్లున్న కరణితో గమ్ పరిచి అంటించిన టైల్స్‌కు ఈ బెడద చాలా తక్కువ.

మూడో కారణం ఎక్కువమంది గమనించనిది. బెజ్జం చక్కగా పడుతుంది, ప్లగ్గు దిగుతుంది, స్క్రూ తిప్పుతూ తిప్పుతూ ఆఖరి రెండు చుట్లలో టిక్‌మని శబ్దం, టైల్ మీద వెంట్రుకంత గీత. ప్లాస్టిక్ ప్లగ్గు పనిచేసేదే ఉబ్బడం వల్ల. జర్మనీలో ఆర్తర్ ఫిషర్ 1958లో నైలాన్ ప్లగ్గు తయారుచేసినప్పటి నుంచీ సూత్రం అదే: స్క్రూ లోపలికి పోయేకొద్దీ ప్లగ్గు నాలుగు వైపులకూ విచ్చుకుని గోడను పట్టుకుంటుంది. ఆ విచ్చుకోవడం ఇటుకలో జరగాలి. టైల్ మందంలో జరిగితే లోపలి నుంచి మేకు దిగ్గొట్టినట్టే.

మీది ఏ టైల్?

బిట్టు కొనేముందు ఇది తేలాలి. గోడ టైల్స్‌లో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి సిరామిక్. పాత ఇళ్లలో ఉండే 8 బై 12 అంగుళాలవి, ఆ తర్వాత వచ్చిన 12 బై 18, 12 బై 24 డాడో టైల్స్ చాలావరకు ఇవే. పైన గట్టి గ్లేజు పొర, కింద కాస్త మెత్తటి ఎర్ర మట్టో తెల్ల మట్టో ఉంటుంది. మందం 7, 8 మిల్లీమీటర్లు. రెండోది విట్రిఫైడ్. ఈమధ్య అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ గోడలకు కూడా వేస్తున్న 2 బై 4 అడుగుల పెద్ద పలకలు ఎక్కువగా ఈ రకమే. వీటిని బాగా ఎక్కువ వేడిలో కాలుస్తారు, పైనుంచి కిందిదాకా గట్టిగానే ఉంటాయి.

తేడా పట్టడానికి నీటిచుక్క చాలు. మిగిలిపోయిన టైల్ ముక్క ఉంటే వెనక్కి తిప్పి చుక్క వేయండి. చూస్తుండగానే ఇంకిపోతే సిరామిక్, అలాగే నిలబడితే విట్రిఫైడ్. సిరామిక్ గోడ టైల్ తన బరువులో 10 శాతానికి పైగా నీళ్లు పీలుస్తుంది, విట్రిఫైడ్ అర శాతం కూడా పీల్చదు. ముక్క లేకపోతే కిటికీ పక్కనో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కంత దగ్గరో కోసిన అంచు కనిపిస్తుందేమో చూడండి. అదీ కనపడకపోతే విట్రిఫైడ్ అనుకునే మొదలుపెట్టండి. విట్రిఫైడ్‌కు పనికొచ్చే బిట్టు సిరామిక్‌కు కూడా పనికొస్తుంది, అటుది ఇటు మాత్రం పనిచేయదు.

బిట్లు

హార్డ్‌వేర్ షాపులో "టైల్ బిట్టు" అని అడిగితే ఈటె మొనలా, చిన్న ఆకులా ఉన్న బిట్టు ఇస్తారు. గాజుకూ అదే. మొన దగ్గర టంగ్‌స్టన్ కార్బైడ్ పలక అతికించి ఉంటుంది. 6, 8, 10 మిల్లీమీటర్ల సైజుల్లో దొరుకుతుంది, ఖరీదూ పెద్దగా ఉండదు. సిరామిక్‌కు ఇది దివ్యంగా సరిపోతుంది. విట్రిఫైడ్ మీద పెడితే ఒకటో రెండో బెజ్జాలకే మొన అరిగి, ఆ తర్వాత ఊరికే గుండ్రంగా తిరుగుతూ వేడెక్కుతుంది తప్ప దిగదు.

విట్రిఫైడ్‌కు, గ్రానైట్‌కు డైమండ్ బిట్టు. ఇది గొట్టంలా లోపల బోలుగా ఉంటుంది. అంచు చుట్టూ సన్నటి వజ్రపు రజను అంటించి ఉంటుంది. ఇది తొలచదు, అరగదీస్తుంది. గుండ్రటి గాడి అరిగి అరిగి చివరికి చిన్న బిళ్ల ఊడి వస్తుంది. మధ్యలో మొన ఉండదు కాబట్టి మొదలుపెట్టడంలోనే కాస్త నేర్పు కావాలి. అదెలాగో తర్వాత చెప్తాను.

మూడోది గోడకు వాడే మామూలు మేసన్రీ బిట్టు. దీని మొన మొద్దుగా ఉంటుంది, దెబ్బతో పిండి చేయడానికి పుట్టినది. టైల్ దాటాకే దీనికి పని. కర్రకూ ఇనుముకూ వాడే స్టీలు బిట్టును అసలు దగ్గరికే రానివ్వకండి.

సైజు విషయంలో నా పద్ధతి చెప్తాను. 6 ఎంఎం ప్లగ్గు వేయాలంటే టైల్‌కు 8 ఎంఎం బెజ్జం, గోడకు 6. ప్లగ్గు 8 అయితే టైల్‌కు 10, గోడకు 8. ఒక సైజు పెద్దది వేయడం వల్ల రెండు లాభాలు. గోడను తొలిచేటప్పుడు బిట్టు టైల్ అంచును రాసుకోదు. గుర్తు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. బ్రాకెట్టు కింద ఆ పెద్ద బెజ్జం ఎలాగూ కనపడదు.

మిషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ట్రిగ్గర్ నొక్కినకొద్దీ వేగం పెరిగేది అయ్యుండాలి, హామర్ మోడ్ ఆపడానికి వీలుండాలి. 500 వాట్లది చాలు. బ్యాటరీ మిషన్ ఉంటే మరీ మంచిది, నీళ్ల దగ్గర పని కదా.

ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

ముందు శబ్దం వినండి. రూపాయి బిళ్ల అంచుతోనో, స్క్రూడ్రైవర్ పిడితోనో టైల్ అంతా తడుతూ పోండి. గట్టిగా, పొట్టిగా "టక్" అంటే వెనక సిమెంటు ఉన్నట్టు. "డొబ్" అని మోగితే డొల్ల. పది సెకన్ల పని, కానీ చాలా టైల్స్‌ని కాపాడేది ఇదే. బ్రాకెట్టును రెండంగుళాలు అటో ఇటో జరిపితే గట్టి చోటు దొరుకుతుందంటే మొహమాటపడకుండా జరిపేయండి.

డొల్లలోనే వేయక తప్పకపోతే హామర్ మాట మరిచిపోయి, డైమండ్ బిట్టుతో, దాదాపు బిట్టు బరువు మీదే పని కానివ్వండి. ఆ బెజ్జంలోంచి పల్చటి సిమెంటు పాలు సిరంజితో ఎక్కించి, రెండు రోజులు ఆగి, అప్పుడు గోడకు బెజ్జం వేస్తే స్క్రూ బిగించేటప్పుడు టైల్‌కు వెనక ఆసరా ఉంటుంది.

అంచుల దగ్గరకు పోవద్దు. టైల్ అంచు నుంచి కనీసం ఒక అంగుళం లోపలికి ఉండాలి. మూల అయితే ఇంకా ఎక్కువ. కిటికీ పక్కన, స్విచ్‌బోర్డు చుట్టూ ఎల్ ఆకారంలో కోసి పెట్టిన ముక్కలుంటాయి. వాటి మూలలో అప్పటికే కంటికి కనపడని బీట ఉండే అవకాశం ఎక్కువ. వాటి జోలికి పోకపోవడం మేలు.

"రెండు టైల్స్ మధ్య సందులో నింపిన గ్రౌటులో వేసేస్తే సరి కదా" అని చాలామంది సలహా ఇస్తారు. వెడల్పాటి సందులున్న చోట కుదురుతుందేమో గానీ, మన ఇళ్లలో సందు రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. అందులో 6 ఎంఎం బిట్టు పెడితే రెండు టైల్స్ అంచులూ ఒకేసారి రాసుకుని పెచ్చులు లేస్తాయి. ఒకటి పోవాల్సిన చోట రెండు పోతాయి.

ఇక గోడ లోపలి పైపులు. ఇది టైల్ పగలడం కంటే పెద్ద గండం. కుళాయికీ షవర్‌కూ మధ్య, మిక్సర్ నుంచి గీజర్ పాయింటుకు వెళ్లే దారిలో సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు నిటారుగానో అడ్డంగానో వెళ్తుంటాయి. అలాగే స్విచ్‌బోర్డు నుంచి పైకీ కిందికీ నిటారుగా వైర్ల పైపు ఉంటుంది. ప్రతి కుళాయికీ, ప్రతి బోర్డుకూ నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత ఊహించుకుని, ఆ గీతలకు అటూ ఇటూ అర అడుగు వదిలేయండి. ఇనుము పట్టే డిటెక్టర్లకు ప్లాస్టిక్ పైపు దొరకదు, దాన్ని నమ్ముకోవద్దు. ఇల్లు ఇంకా కడుతున్న దశలో ఉంటే, టైల్స్ వేయకముందే కొలత టేపు గోడకు ఆనించి పైపులన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత కూడా అక్కరకొస్తాయి. పైపు ఎక్కడుందో తేలకపోతే ఆ గోడకు లోతు బెజ్జాలు వద్దు, తేలికపాటి వస్తువైతే అంటించే హుక్కులతో సరిపెట్టుకోవచ్చు.

టైల్స్ కొత్తగా వేసినవైతే కనీసం వారం ఆగండి. నెల ఆగితే ఇంకా మంచిది, సిమెంటుకు పూర్తి పట్టు రావడానికి 28 రోజులు లెక్కేస్తారు.

గుర్తు పెట్టడం

గ్లేజు నున్నగా ఉంటుంది, బిట్టు జారుతుంది. అందుకే పెయింటర్లు వాడే పేపర్ టేప్ రెండు పట్టీలు ఇంటూ గుర్తులా అంటించి, దానిమీద పెన్సిల్‌తో గీసుకోండి. సెల్లో టేపు కంటే ఇది మేలు, పెన్సిల్ గీత నిలబడుతుంది, బిట్టుకు కాస్త పట్టు దొరుకుతుంది.

రెండు బెజ్జాల బ్రాకెట్టుకు రెండూ ముందే గుర్తుపెట్టి రెండూ వేసేయకండి. మొదటిది వేసి, బ్రాకెట్టును వదులుగా బిగించి, రసమట్టం పెట్టి చూసుకుని, అప్పుడు రెండోదాని గుర్తు పెట్టండి. రెండో బెజ్జం మిల్లీమీటరు తప్పిందని టైల్‌ను సాగదీయలేం కదా.

సిరామిక్ టైల్ అయితే గుర్తు మీద గ్లేజును కొద్దిగా గీరాలి. టైల్ బిట్టును చేత్తో పట్టుకుని, మొనను గుర్తు మీద ఆనించి, అటూ ఇటూ పదిసార్లు తిప్పండి. ఆవగింజంత గుంట పడితే చాలు. మేకు పెట్టి సుత్తితో తట్టమని కొందరంటారు. చేయి తిరిగిన మేస్త్రికి చెల్లుతుంది, మనకెందుకు ఆ సాహసం. విట్రిఫైడ్ మీద అయితే అది అసలు వద్దు.

టైల్‌కు బెజ్జం

మిషన్ మీద హామర్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. ఇంకోసారి చూసుకోండి. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి. ఈ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. గుర్తు కింద ఒక కాగితాన్ని జేబులా మడిచి గోడకు అంటిస్తే దుమ్మంతా అందులో పడుతుంది.

సిరామిక్‌తో మొదలుపెడదాం. ఈటె మొన బిట్టును గుంటలో ఆనించి, మిషన్ గోడకు సరిగ్గా నిటారుగా ఉందో లేదో పక్కనుంచి ఎవరినైనా చూడమనండి. ట్రిగ్గర్ చాలా మెల్లగా నొక్కండి. బిట్టు తిరగడం కంటికి కనపడేంత నెమ్మదిగా ఉండాలి మొదట్లో. గ్లేజు పొర దాటేవరకూ అదే వేగం. సన్నటి తెల్ల పొడి రాలుతుంది, కిరకిరమనే శబ్దం కొద్దిగా మెత్తబడుతుంది. గ్లేజు దాటిందనడానికి అదే గుర్తు. అప్పుడు కాస్త వేగం పెంచొచ్చు, ట్రిగ్గర్ మూడోవంతు నొక్కినంత. చేతి బరువు మాత్రం పెంచొద్దు. ఒంటి బరువంతా మిషన్ మీద వేసే అలవాటు కాంక్రీటు దగ్గర వచ్చింది, దాన్ని బాత్‌రూమ్ బయటే వదిలేయాలి.

పదిహేను సెకన్లకోసారి బిట్టును బయటికి తీసి చల్లారనివ్వండి. నీళ్లు చిలకరించే సీసాతో ఒకటి రెండు చుక్కలు కొడితే ఇంకా మంచిది. వేడెక్కితే కార్బైడ్ పలకను అతికించిన అతుకు వదులుతుంది, మొన ఊడి బెజ్జంలోనే ఉండిపోతుంది. బిట్టు నీలంగా మారుతోందన్నా, మాడు వాసన వస్తోందన్నా ఆపేయాలి.

టైల్ వెనక వైపుకు చేరేటప్పుడు ఇంకా నెమ్మది. చివరి మిల్లీమీటరులో బిట్టు ఒక్కసారిగా లోపలికి జారుతుంది, ఆ జారినప్పుడు బిట్టును పట్టి ఉంచే మిషన్ చక్ వచ్చి టైల్‌ను గుద్దుకుంటుంది. ఇలా పోయిన టైల్స్ చాలానే ఉంటాయి. ఎడమ చేత్తో మిషన్ ముందు భాగాన్ని పట్టుకుని ఆపుకోవడానికి సిద్ధంగా ఉండండి.

విట్రిఫైడ్‌కు డైమండ్ బిట్టుతో పద్ధతి వేరు. మధ్యలో మొన లేదు కాబట్టి నేరుగా ఆనిస్తే స్కేటింగ్ చేస్తూ టైల్ అంతా గీతలు పెడుతుంది. దానికి రెండు ఉపాయాలు. ఒకటి, మిషన్‌ను సుమారు 45 డిగ్రీలు వంచి, బిట్టు అంచు మాత్రమే టైల్‌కు తగిలేలా పెట్టి నెమ్మదిగా తిప్పడం. నెలవంకలాంటి గాడి పడగానే, తిరుగుతుండగానే మిషన్‌ను మెల్లమెల్లగా నిటారుకు తేవాలి. నెలవంక కాస్తా గుండ్రటి గాడి అవుతుంది, ఆ తర్వాత బిట్టు ఎటూ పోదు. రెండోది కొత్తవాళ్లకు నేను చెప్పేది: చిన్న ప్లైవుడ్ ముక్కకు అదే సైజు బెజ్జం ముందే వేసుకుని, దాన్ని టైల్ మీద గుర్తుకు సరిపెట్టి గట్టిగా పట్టుకుని, ఆ బెజ్జంలోంచి బిట్టు పెట్టడం. గాడి పడ్డాక చెక్క తీసేయండి.

ఇక్కడ నీళ్లు తప్పనిసరి. వజ్రపు రజను వేడికి ఊడిపోతుంది, ఎండు మీద నడిపితే కొత్త బిట్టు ఒక్క బెజ్జంతోనే మూలకు పడుతుంది. ఒకరు మిషన్ పడితే ఇంకొకరు సీసాతో గాడిలోకి కొద్దికొద్దిగా నీళ్లు కొడుతూ ఉండాలి. గాడిలోంచి పాలలాంటి తెల్లటి నీరు కారుతుంటే పని సవ్యంగా జరుగుతున్నట్టు. అది చిక్కబడి పేస్టులా అయితే నీళ్లు చాలడం లేదు. మిషన్‌ను కొద్దిగా, చాలా కొద్దిగా, గుండ్రంగా ఊపుతూ ఉంటే గాడిలోకి నీళ్లు చేరతాయి. ఒక బెజ్జానికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు, పట్టనివ్వండి. బిట్టులో ఇరుక్కున్న బిళ్లను పక్కనున్న సందులోంచి సన్నటి మేకుతో తోసేస్తే వస్తుంది. ప్రతి బెజ్జం తర్వాతా తీసేయాలి.

నీళ్లూ కరెంటూ ఒకచోట ఉన్నాయి కనుక మిషన్ ప్లగ్గు బాత్‌రూమ్ బయటి సాకెట్‌లో పెట్టండి. ఇంట్లో కరెంటు లీకైతే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పనిచేస్తోందో లేదో దానిమీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూసుకోండి. కాళ్లకు రబ్బరు చెప్పులు. నీళ్లు గోడ మీదికి కొట్టాలి, మిషన్ మీదికి కాదు. తల కంటే ఎత్తులో వేయాల్సి వస్తే నీళ్లు మిషన్‌లోకే జారతాయి, అలాంటప్పుడు తడి స్పాంజి ముక్కను గుర్తు కింద అదిమి పట్టి బిట్టును దానికి తాకిస్తూ చల్లార్చుకోండి.

గోడకు బెజ్జం: దుమ్ము రంగు చూస్తూ

టైల్ దాటాక బిట్టు మార్చి మేసన్రీ బిట్టు పెట్టండి. ఎంత లోతు పోవాలో బిట్టు మీద చిన్న టేపు ముక్క చుట్టి గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు మీకు దారి చెప్పేది రాలే దుమ్ము. టైల్ ఉన్నంతసేపూ దాని మట్టి రంగు, తెల్లగానో ఎర్రగానో. తర్వాత బూడిద రంగు వస్తుంది, అది టైల్ అంటించిన సిమెంటూ దాని వెనక ప్లాస్టరింగూ. ఆ తర్వాత ఇటుక పొడి ఎర్రగా రావడం మొదలైతే గోడలోకి చేరినట్టు. బూడిద రంగే ఆగకుండా వస్తూ బిట్టు దిగడం కష్టమైతే అది కాంక్రీటు, ఏ కాలమో బీమో తగిలింది, లేదా మీ అపార్ట్‌మెంటు గోడలన్నీ కాంక్రీటుతోనే పోసినవి. తెల్లటి పిండిలా రాలుతూ బిట్టు వెన్నలోకి పోయినట్టు పోతే తేలిక బ్లాకుల గోడ. దుమ్ము బదులు తడి వస్తే వెంటనే ఆపి మెయిన్ వాల్వు కట్టేయండి.

ఎర్ర ఇటుకకు చాలాసార్లు హామర్ అవసరమే ఉండదు, మామూలుగా తిప్పినా దిగుతుంది. తేలిక బ్లాకులకు హామర్ వాడనే కూడదు, బెజ్జం వదులైపోతుంది. కాంక్రీటుకు తప్పదు. అప్పుడు కూడా బిట్టు మొన టైల్ మందం పూర్తిగా దాటి లోపల ఆనుకున్నాకే హామర్ ఆన్ చేయాలి. తీసేటప్పుడు ముందు హామర్ ఆఫ్, తర్వాత బిట్టు బయటికి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడ బాత్‌రూమ్ టైల్ వెనక చాలా ఇళ్లలో ఇటుక ఉండదు, సిమెంటు బోర్డు, దాని వెనక 16 అంగుళాలకొకటి చొప్పున చెక్క నిలువులు ఉంటాయి. టైల్‌కు బెజ్జం వేసే పద్ధతి ఇదే గానీ, గోడ భాగం లెక్క పూర్తిగా వేరు. చెక్క దొరికితే స్క్రూ నేరుగా దానిలోకి, దొరక్కపోతే వెనక విచ్చుకునే టాగుల్ బోల్టు.

ప్లగ్గు, స్క్రూ: కాస్త లెక్క

బెజ్జంలో దుమ్ము అలాగే ఉంటే ప్లగ్గు పట్టదు. పాత టూత్‌బ్రష్‌తోనో, గాలి ఊదే బల్బుతోనో శుభ్రం చేయండి. నోటితో ఊదితే కళ్లలో పడుతుంది.

లోతు లెక్క దగ్గర చాలామంది పొరబడతారు. ఒక మామూలు బాత్‌రూమ్ గోడ తీసుకోండి. టైల్ 8 మిల్లీమీటర్లు, అంటించిన సిమెంటు 15, ప్లాస్టరింగ్ 12. ఇటుక మొదలయ్యేది 35వ మిల్లీమీటరు దగ్గర. 40 ఎంఎం ప్లగ్గును టైల్‌తో సమానంగా కొట్టి వదిలేస్తే ఇటుకలో ఉండేది ముక్కుపొడి అంత, 5 మిల్లీమీటర్లు. టవల్ రాడ్డుకు సిమెంటు పట్టే చాలు కాబట్టి నడుస్తుంది. బరువైన అద్దం, సామాను పెట్టే అర అయితే నడవదు.

అందుకే ప్లగ్గును టైల్‌తో సమానంగా దించాక, ఒక మేకు తల ఆనించి ఇంకో 10 మిల్లీమీటర్లు లోపలికి తోయాలి. దాంతో ప్లగ్గు పూర్తిగా టైల్ వెనక్కి పోతుంది, ఉబ్బినా టైల్‌ను తాకదు. స్క్రూ పొడవు కూడా దానికి తగ్గట్టు ఉండాలి: బ్రాకెట్టు మందం 5, లోపలికి తోసిన 10, ప్లగ్గు 40, మొత్తం 55. స్క్రూ ప్లగ్గు చివర దాటి కొద్దిగా బయటికి రావాలి కాబట్టి రెండున్నర అంగుళాల స్క్రూ, అంటే దాదాపు 63 ఎంఎం. బెజ్జం లోతు 65 నుంచి 70. బ్రాకెట్టుతో పాటు ప్యాకెట్‌లో ఇచ్చే బుల్లి స్క్రూలు ఈ లెక్కకు అందవు, వాటిని పక్కన పెట్టేయండి. బాత్‌రూమ్‌లో స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడాలి. మామూలువి తుప్పుపట్టి టైల్ మీద గోధుమ రంగు చారలు దిగుతాయి.

స్క్రూ దించేముందు బెజ్జంలో కొద్దిగా సిలికాన్ పెట్టండి, ముఖ్యంగా షవర్ నీళ్లు పడే గోడకు. లేకపోతే నీళ్లు టైల్ వెనక్కి చేరి, కొన్నాళ్లకు అవతలి గది గోడ పెయింటు ఉబ్బుతుంది. చివరి బిగింపు చేత్తోనే, స్క్రూడ్రైవర్‌తో. మిషన్‌తో బిగిస్తే ఎక్కడ ఆగాలో తెలియదు. బ్రాకెట్టు కదలకుండా ఉంటే అక్కడితో ఆపేయాలి.

గీజర్, పెద్ద బెజ్జాలు

25 లీటర్ల గీజర్ నిండితే నీళ్లే 25 కిలోలు, దాని సొంత బరువు అదనం. ప్లాస్టిక్ ప్లగ్గులతో ఆడుకునే చోటు కాదు. కంపెనీ చెప్పిన యాంకర్ ఫాస్టెనర్లు (గోడలో విచ్చుకుని పట్టే ఇనుప బోల్టులు) ఇటుకలోకో కాంక్రీటులోకో సరిపడా లోతుగా దిగాలి. తేలిక బ్లాకుల గోడైతే దానికి సరిపోయే ప్రత్యేకమైన ప్లగ్గులు వాడాలి, లేదా అవతలి వైపు నుంచి పట్టీ వేసి బోల్టు దూర్చాలి. ఈ పని కంపెనీ మనిషికి వదిలేయడమే మంచిది. కాకపోతే టైల్ వరకు మీరే ముందుగా బెజ్జాలు వేసి పెట్టొచ్చు. వచ్చినవాళ్లు తొందరలో హామర్‌తోనే మొదలుపెడతారని అనుమానం ఉంటే ఇదే దారి.

కుళాయి, పైపు లాంటివాటికి 25, 35 ఎంఎం డైమండ్ హోల్ సా దొరుకుతుంది. పద్ధతి అదే, వేగం ఇంకా తక్కువ, నీళ్లు ఇంకా ఎక్కువ. బెజ్జం ఎంత పెద్దదైతే మిషన్ అంత నెమ్మదిగా తిరగాలి, ఎందుకంటే అంచు అప్పటికే ఎక్కువ దూరం పరిగెడుతూ ఉంటుంది.

పెచ్చు లేస్తే, బీట పడితే

బెజ్జం చుట్టూ చిన్న పెచ్చు లేచిందంటే కంగారు వద్దు, బ్రాకెట్టు ఫ్లాంజి కింద దాగిపోతుంది. దాగకపోతే టైల్ రంగుకు దగ్గరగా ఉన్న ఎపాక్సీ గ్రౌటు వేలితో పెట్టి, ఆరకముందే తడి గుడ్డతో సమంగా తుడిచేయండి. తప్పు చోట పడిన బెజ్జాన్ని కూడా ఇలాగే పూడ్చొచ్చు. వైట్ సిమెంటు చవకే గానీ, బాత్‌రూమ్‌లో త్వరగా మురికి పట్టి అక్కడే కళ్లు పడేలా చేస్తుంది.

బీట బెజ్జం నుంచి అంచుదాకా పాకిందంటే ఆ బెజ్జంలో బరువు వేలాడదీయకండి. వేరే టైల్‌లో కొత్త బెజ్జం వేసుకుని, బీటలోకి నీళ్లు దిగకుండా సన్నగా ఎపాక్సీ రాసేయండి. మార్చాల్సిందే అనుకుంటే, చుట్టూ గ్రౌటు గీకి, పగిలిన టైల్‌ను మధ్యలోంచి బయటికి ముక్కలుగా తీయాలి. అంచు నుంచి ఉలి పెడితే పక్కది కూడా పోతుంది. కొత్తది కొనేముందు అటక మీద మిగిలిపోయిన టైల్స్ పెట్టె ఏదైనా ఉందేమో చూడండి. లేకపోతే పాత పెట్టె మీది బ్యాచ్ నంబరూ షేడ్ నంబరూ షాపువాళ్లకు చూపించండి. ఒకే పేరు, ఒకే డిజైన్ ఉన్నా షేడ్ మారితే గోడ మీద వేరుగా తెలిసిపోతుంది.